రెండు బ్యాచ్‌లు, ఒక ఊరు: తిరుపతి పిల్లకాయల మీద నవల రాయాలనుకొనేవాళ్లకు

పోయిన వేసవిలో ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఒక అబ్బాయి తన నవల తొలి మూడు అధ్యాయాలు నాకు తెచ్చి ఇచ్చాడు. కలిగినోళ్ల పిల్లలు ఒక బ్యాచ్, లేనోళ్ల పిల్లలు ఇంకో బ్యాచ్. తొలి పేజీలోనే బుల్లెట్ బండి, చిరిగిన చొక్కా, కొట్లాట. చదివి పక్కన పెట్టి, "ఎట్లా వచ్చినావు నాయనా?" అని అడిగాను.

"బస్సులో సార్. ముప్పావు గంట కాసుకున్నా. రెండు బస్సులు ఆపకుండా పోయినాయి. చేతిలో పాసు చూస్తే ఆపరు సార్."

వాడు ఆ మాట మామూలుగా అనేశాడు. ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా. ఆ ముప్పావు గంట వాడి నవలలో ఎక్కడా లేదు. బుల్లెట్ బండి మాత్రం మూడు అధ్యాయాల్లోనూ ఉంది. ఆ బండి వాడు సినిమాలో చూసింది, ముప్పావు గంట వాడి సొంతం.

టీనేజీ పిల్లల మధ్య వర్గ వైరం మీద నవల రాయాలని చాలామంది అనుకుంటారు. మంచి కోరిక. తెలుగులో ఇలాంటివి ఇంకా ఎన్నో రావాలి, ముఖ్యంగా మన చిత్తూరు, తిరుపతి పిల్లకాయల నోటి వెంట రావాలి. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జారిపోతామో, నాకు తెలిసినంత వరుసగా చెబుతాను. అన్ని మెట్లకూ ఒకే బరువు ఉండదు. నాలుగోదీ ఎనిమిదోదీ నిదానంగా చదవండి.

1. ఏ ఏడాది జరిగే కథో ముందు తేల్చుకోండి

"ఈమధ్య" అని రాయకండి. ఏడాది పేరు పెట్టుకుంటే సగం కథ దానంతట అదే దొరుకుతుంది. ఉదాహరణకు 2005లో పుట్టిన పిల్లకాయను తీసుకోండి. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలకు సిద్ధంగా ఉన్నాడు. మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. ఆ తరువాత పరీక్షలు వాయిదా పడి, చివరికి రద్దయ్యాయి. 2021లో ఇంటరు మొదటి ఏడాది పరీక్షలూ రద్దయ్యాయి. అంటే వాడు జీవితంలో మొదటిసారి రెగ్యులర్ బోర్డు పరీక్ష రాసింది 2022 మే నెలలో, ఇంటరు రెండో ఏడాదిలో. రెండేళ్ల పరీక్షలు రద్దయిపోయిన పిల్లకాయ పదిహేడేళ్లకు పరీక్ష హాల్లో కూర్చుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. దర్శనం ఆగిపోవడమంటే మన ఊళ్లో గుడి తలుపు మూయడం ఒక్కటే కాదు. జీపు తోలేవాడికి, లాడ్జిలో దుప్పట్లు మార్చేవాడికి, గుండు చేయించుకున్నవాళ్లకు టోపీలు అమ్మేవాడికి, పూలు కట్టే ఆమెకు ఆ రోజుతో సంపాదన ఆగిపోయింది. అదే వీధిలో నెల జీతం వచ్చే ఇల్లు కూడా ఉంది. రెండిళ్ల పిల్లలూ ఒకే బడిలో చదివేవాళ్లు. మార్చి 19 దాకా వాళ్ల మధ్య తేడా అంతగా కనబడలేదు. జూన్ నాటికి ఒకడికి సొంత ఫోను వచ్చింది, ఇంకొకడు అన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాకా పాఠం వినలేకపోయాడు. రెండు బ్యాచ్‌లు ఎట్లా ఏర్పడ్డాయి అని పాఠకుడు అడిగితే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉన్నట్టే.

ఆ రెండేళ్లలోనే 2021 నవంబరు వాన ఉంది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా కావడం ఉంది. వాన సంగతి తరవాత చెబుతాను.

2. ఊరి పటం గీయండి, కానీ పేటలకు ముద్ర వేయకండి

ఒక పెద్ద కాగితం తీసుకుని ఉత్తరాన కొండ గీయండి. మన ఊళ్లో దిక్కు తెలియనివాడు కూడా కొండను చూసి దారి చెబుతాడు. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీ, గోవిందరాజస్వామి కోవెల, రైల్వే స్టేషను, బస్టాండు, లీలామహల్ సర్కిలు, అటు తిరుచానూరు రోడ్డు, ఇటు చంద్రగిరి రోడ్డు, ఎయిర్ బైపాస్ రోడ్డు వేసుకోండి. మీ కథ 2021లో జరిగితే ఇప్పుడున్న శ్రీనివాస సేతు ఫ్లైఓవరు అప్పటికి ఇంకా కడుతూనే ఉన్నారు. స్తంభాలు, తవ్విన రోడ్డు, దుమ్ము మీ బొమ్మలో ఉండాలి.

ఇప్పుడు మీ రెండు బ్యాచ్‌ల పిల్లలు రోజూ నడిచే దారులు రెండు రంగుల్లో గీయండి. ఆ రంగులు ఎక్కడ కలుస్తాయో అక్కడే మీ సన్నివేశాలు. చాలామంది ఒక పేటను బీదది, ఇంకో పేటను గొప్పది అని రాసేస్తారు. మన ఊరు అట్లా లేదు. జీవకోన సందుల్లో రెండంతస్తుల మిద్దె ఉంటుంది, పెద్ద కాలనీలో మేడ వెనక వాచ్‌మన్ కుటుంబం ఒకే గదిలో ఉంటుంది. వర్గం పేటల మధ్య కంటే మిద్దెకూ దాని వెనక గదికీ మధ్య ఎక్కువ కనబడుతుంది.

రెండు బ్యాచ్‌లూ తప్పించుకోలేని ఉమ్మడి చోట్లు కనీసం మూడు కావాలి. యూనివర్సిటీ మైదానంలో ఉదయం క్రికెట్టు ఒకటి. పిచ్ ఎవరు ముందు పట్టుకున్నారన్నదే పదహారేళ్లవాళ్లకు ఆస్తి తగాదా. వానాకాలంలో కపిలతీర్థం జలపాతం ఇంకొకటి. మూడోది మీరు వెతకండి.

3. డబ్బు లెక్క రాయండి

నవలలోకి రాకపోయినా మీ నోటుబుక్కులో ఉండాలి. ఒక్కో పిల్లకాయకు ఒక్కో పేజీ. ఇంటికి నెలకు ఎంత వస్తుంది, ఎవరు తెస్తారు, ఏ తేదీన వస్తుంది, అద్దె ఎంత, అప్పు ఎవరి దగ్గర, పిల్లకాయ జేబులో సోమవారం పొద్దున ఎంత ఉంటుంది. "బీదవాడు" అని రాసేదానికంటే "వాడి జేబులో పదకొండు రూపాయలున్నాయి, టీ పది" అని రాస్తే చాలు. స్నేహితులు నలుగురు టీ అంగడి దగ్గర నిలబడినప్పుడు వాడు "నాకొద్దు, ఇప్పుడే తాగినా" అంటాడు. ఆ అబద్ధం మీ నవలకు చాలా పని చేస్తుంది.

కలిగినవాడి లెక్క కూడా అంతే శ్రద్ధగా రాయండి. నాయనకు లాడ్జి ఉంది. సరే. లాడ్జి మీద బ్యాంకు అప్పు ఉందా? దర్శనం ఆగిన దాదాపు మూడు నెలల్లో ఆ ఇంట్లో రాత్రులు ఎట్లా గడిచాయి? నాయన భోజనం దగ్గర మాట్లాడటం మానేస్తే ఆ పిల్లకాయకు ఎందుకో తెలియదు, ఎవరూ చెప్పరు. చెప్పకుండా దాచడం కూడా ఆ ఇంటి పద్ధతే.

మూడో వర్గాన్ని మరిచిపోవద్దు. తిరుపతిలో దేవస్థానం ఉద్యోగుల ఇళ్లు ఒక లోకం. క్వార్టర్సు, నెల జీతం, ఊళ్లో గౌరవం, దర్శనం చేయించమని అడిగే చుట్టాలు. ఆ ఇంటి పిల్ల కలిగినోళ్ల బ్యాచ్‌కు పూర్తిగా చెందదు, లేనోళ్ల బ్యాచ్‌లో ఆమెను నమ్మరు. నన్నడిగితే కథ చెప్పాల్సింది ఆ అమ్మాయే. రెండు వైపుల మాటలూ ఆమె చెవిన పడతాయి. ఆడపిల్ల కాబట్టి సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి, కాబట్టి కొన్ని గొడవలు ఆమెకు మరుసటి రోజు మాటల్లోనే తెలుస్తాయి. ఒకే గొడవను ముగ్గురు మూడు రకాలుగా చెబితే, ఏది నిజమో ఆమెతో పాటు పాఠకుడూ తేల్చుకోవాలి.

4. ఎవరు ఎంతసేపు కాసుకుంటారో రాయండి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

తిరుపతిలో పుట్టిన పిల్లకాయకు వర్గం అంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కరలేదు. క్యూ లైను చెబుతుంది. సర్వదర్శనానికి డబ్బు లేదు, కాలం ఉంది: కంపార్టుమెంటులో కూర్చుని ఎన్ని గంటలైనా కాసుకోవాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్టు దొరకబుచ్చుకోవాలి, అప్పుడు కాసుకునేది తక్కువ. శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇస్తే బ్రేక్ దర్శనం. సిఫార్సు ఉత్తరం ఉంటే అదొక దారి. దేవుడు ఒక్కడే, మూర్తి అదే, చూసే ఆ కొన్ని క్షణాల భక్తీ అదే. తేడా అంతా ముందున్న గంటల్లో ఉంది. దీన్ని నేను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. లక్షల మంది వచ్చే చోట ఏదో ఒక వరుస ఉండాల్సిందే. ఈ వరుసల నడుమ పెరిగిన పిల్లల కంటికి మిగతా లోకం కూడా వరుసలుగానే కనబడుతుందని చెబుతున్నాను.

కాబట్టి మీ పాత్రలకు ఒక్కొక్కరికి ఒక "కాసుకునే పట్టీ" తయారు చేయండి. లేనోళ్ల పిల్లకాయ బస్సు కోసం కాసుకుంటాడు. కుళాయిలో నీళ్ల కోసం, అన్న చేతిలోని ఫోను కోసం, ఫీజు కడితే గానీ కాలేజీ ఇవ్వనన్న హాల్‌టికెట్టు కోసం, ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ కోసం కాసుకుంటాడు. కాసుకోవడం వాడికి వచ్చిన విద్య. గోడకు ఎట్లా ఆనుకోవాలో, వరుసలో ఎవరితో మాట కలపాలో, ఎప్పుడు దబాయించాలో తెలుసు. కలిగినోళ్ల పిల్లకాయకు అది తెలియదు. వాడు దేనికీ కాసుకోడు, ఒక్క నాయన కోసం తప్ప. పుట్టినరోజు నాడు కేకు కోయకుండా రాత్రి పదకొండు దాకా కూర్చుంటాడు. ఆ రోజు కాసుకోవడం చేతకాక కేకు డబ్బా గోడకేసి కొడతాడు.

నేను ఒక పిల్లవాడి రాతప్రతిలో దిద్దిన చిన్న భాగం చూడండి. ముందు ఇట్లా ఉంది: "సురేషు ఎంతో పేదవాడు. ఆన్‌లైన్ క్లాసులు వినడానికి కూడా ఫోను లేక ఎంతో బాధపడేవాడు." ఇద్దరం కూర్చుని తిరగరాసిన తరవాత ఇట్లా అయింది:

"అన్న పదకొండుకు డ్యూటీ దిగుతాడు. సురేషు పదిన్నరకే గడపలో కూర్చున్నాడు. కెమిస్ట్రీ పది గంటలకు మొదలైపోయింది. అన్న వచ్చి చెప్పులు విడిచి ఫోను చేతికిచ్చి, 'చార్జింగ్ నాలుగు శాతమే ఉండాది, బిరీన జూసుకో' అన్నాడు. సురేషు వైరు ప్లగ్గులో పెట్టి గోడ పక్కన వంగి నిలబడ్డాడు. వైరు పొట్టిది. అవ్వ వంట చేస్తూ, 'ఆడెందుకు గోడకు మొక్కుతాండాడు?' అని అడిగింది."

"పేదవాడు" అన్న మాట లేదు, "బాధ" అన్న మాట లేదు. వైరు పొడుగు చెప్పాం, చాలింది. ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒక్కటే: మీ రాతప్రతిలో "పేద", "ధనిక", "బాధ", "గర్వం" అనే మాటలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, ప్రతి చోటా ఎవరో ఒకరు దేనికోసమో కాసుకుంటున్నట్టు మార్చి చూడండి. అన్ని చోట్లా కుదరదు. కుదిరిన చోట వదలొద్దు.

5. నోటి మాట పట్టుకోండి

మన పిల్లకాయల మాట పేపర్ తెలుగు కాదు. "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఎవడూ అడగడు. "యాడికి పోతాండావు రా?" అంటాడు. "వొచ్చినాడు", "ఉండాది", "చెప్పినా గదా", "జాస్తి అయింది" ఇవన్నీ రాయండి. పాఠకుడికి అర్థం కాదేమోనని భయపడకండి. మాట నిజమైనదైతే గుంటూరువాడూ వరంగల్లువాడూ పట్టుకుంటారు.

అయితే రెండు బ్యాచ్‌లూ ఒకేలా మాట్లాడవు, అక్కడే కథ ఉంది. హాస్టలులో ఉంచి చదివించే పెద్ద కాలేజీ పిల్లకాయ ఇంట్లో "నైనా" అని పిలవడం ఏడో తరగతిలో మానేసి "డాడీ" మొదలుపెట్టాడు. అవ్వ దగ్గర మాత్రం పాత మాటే వస్తుంది. స్నేహితుల ముందు అవ్వ ఫోను చేస్తే వాడు దూరంగా పోయి మాట్లాడతాడు. ఇది రాయండి.

ఇంకో వైపు చూడండి. అలిపిరి దగ్గర పళ్లెంలో తిరునామం, కుంకుమ పెట్టుకుని భక్తుల నుదుట నామం దిద్దే పిల్లకాయ ఒకడిని నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. పదమూడేళ్లుంటాయి. ఎదురొచ్చే మనిషి చీరకట్టు, నడక చూసి ఏ భాషలో పిలవాలో ముందే తేల్చుకుంటాడు. "వాంగ సామీ" అని తమిళంలో, "బన్నీ అమ్మా" అని కన్నడంలో, "ఆయియే" అని హిందీలో, "రా సామీ, గోవిందా" అని తెలుగులో. పది దాకా లెక్క నాలుగు భాషల్లోనూ వస్తుంది. అదే వయసు పిల్లవాడు ఒక పెద్ద స్కూల్లో ఇంగ్లీషులో మాట్లాడినందుకు పతకం వేయించుకుంటున్నాడు. నాలుగు భాషలు వచ్చినవాడికి ఏ పతకమూ లేదు. మీ నవలలో ఒక రోజు ఈ ఇద్దరూ చెన్నైకి రైలెక్కితే ఎవరు ఎవరిని నడిపిస్తారు? ఆ అధ్యాయం రాయకుండా ఉండలేరు.

పిలుపులు జాగ్రత్త. ఒకే వయసువాళ్లు గొడవకు ముందు "రేయ్", గొడవ ముదిరితే పేరు పెట్టి పూర్తిగా, భయం ఉంటే "అన్నా". లేనోళ్ల పిల్లకాయ తన ఈడువాణ్ణి, వాళ్ల నాయన దగ్గర తన నాయన పని చేస్తున్నందుకు "అన్నా" అని పిలవాల్సి వస్తే, ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్య ఏముందో తెలిసిపోతుంది. ఎక్కడో ఒక చోట వాడు "అన్నా" మానేసి "రేయ్" అనాలి. ఎక్కడ అనాలో చాలా రోజులు ఆలోచించండి. నవలకు అది నడుము.

6. కులం దాచకండి

డబ్బు ఒక్కటే తేడా అన్నట్టు రాస్తే మన ఊరివాడు నమ్మడు. కొత్త స్నేహితుడు ఇంటికొస్తే పెద్దవాళ్లు మంచినీళ్లిచ్చి, ఊరడిగి, నాయన ఏం చేస్తాడని అడిగి, చివరికి "మీరేమోళ్లు నాయనా?" అంటారు. మెత్తగా, ప్రేమగా అడుగుతారు. ఆ మెత్తదనాన్ని అలాగే రాయండి. గట్టిగా అరిచే దుర్మార్గుణ్ణి పెడితే పాఠకుడు "మా ఇంట్లో అట్లా లేదు" అని తప్పించుకుంటాడు.

డబ్బున్న ఇంటి పిల్లకాయకు కులంలో చిన్నచూపు ఉండొచ్చు, డబ్బు లేనివాడికి కులం అండ ఉండొచ్చు. ఈ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. బ్యాచ్‌ల మధ్య స్నేహాలూ ద్రోహాలూ అక్కడే పుడతాయి. తిట్లు రాయాల్సి వస్తే అది అనేవాడి లోపల ఏముందో చూపించేంత వరకే. పేజీ నిండా రాసి, నిజం రాశానని అనుకోవద్దు.

7. గొడవ చిన్నదై ఉండాలి, ఫలితం పెద్దదై ఉండాలి

కత్తులు వద్దు. పిల్లల గొడవలు పిచ్ దగ్గర, పార్కింగ్ దగ్గర, ఇన్‌స్టాలో పెట్టిన ఫోటో దగ్గర మొదలవుతాయి. ఆయుధం క్రికెట్ స్టంపు. దెబ్బ తగిలిన తరవాత ఏమవుతుందో రాసేటప్పుడు చట్టం తెలిసి ఉండాలి. చాలా రాతప్రతుల్లో పదిహేడేళ్లవాణ్ణి లాకప్‌లో వేసి, తరవాత జైలుకు పంపేస్తారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బాలల న్యాయ మండలి ముందుకు తీసుకుపోవాలి. ఆ గది, అక్కడ బెంచీ, తల్లి పక్కన కూర్చోవడం, ఇవి సినిమా జైలు కంటే ఎక్కువ కదిలిస్తాయి.

బండి తోలడం కూడా అంతే. 2019లో మారిన మోటారు వాహనాల చట్టంలో మైనరు బండి తోలి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో పాతికవేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇప్పుడు రెండు ఇళ్లు ఊహించండి. ఒక ఇంట్లో పాతికవేలు ఒక సాయంత్రం ఫోన్లలో తేలిపోయే సంగతి. ఇంకో ఇంట్లో నాయన జీపు తోలితేనే పొయ్యి వెలుగుతుంది, కొడుకు కూడా డ్రైవరే కావాలనుకున్నాడు. ఒకే తప్పు, ఒకే సెక్షను, ఇద్దరికీ పడిన శిక్ష మాత్రం ఒకటి కాదు. మీరు వ్యాఖ్యానం చేయాల్సిన పని లేదు. రెండిళ్లలో ఆ రాత్రి అన్నం ఎవరు వడ్డించారో రాయండి.

8. రెండు బ్యాచ్‌లను కలిపే రోజు: వానా, జాతరా?

ఏదో ఒకటి ఎంచుకోండి. రెండూ పెడితే నవల ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

వాన అంటే 2021 నవంబరు. ఆ నెల మూడో వారంలో కుండపోతగా కురిసింది. కొండ మీద నుంచి నీళ్లు మెట్ల దారి వెంట దూకాయి, ఘాట్ రోడ్లు మూశారు, స్వర్ణముఖి పొంగింది, ఊళ్లో పల్లపు వీధులు మునిగాయి. రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. మేడ మీది బ్యాచ్, నేల మీది బ్యాచ్ ఒకే మిద్దె మీద రాత్రంతా ఉండాల్సి వస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. కలిగినవాడు లేనివాణ్ణి కాపాడటం, లేనివాడు కలిగినవాడి కోసం ప్రాణం ఇవ్వడం, రెండూ వద్దు. ఆ రాత్రి కరెంటు లేదు, ఫోన్లు ఆరిపోయాయి, అందరూ కాసుకోవాలి. కాసుకోవడం ఎవరికి చేతనవునో వాడు ఆ రాత్రికి పెద్ద. ఉన్న బిస్కెట్లు ఎట్లా పంచాలో, ముసలమ్మను ఎక్కడ పడుకోబెట్టాలో వాడే చెబుతాడు. పొద్దున నీళ్లు తీసిన తరవాత మళ్లీ ఎవరిదారి వాళ్లది.

జాతర అంటే తాతయ్యగుంట గంగమ్మ జాతర, ఏటా మే నెలలో. నాకైతే నవలకు ఇంతకంటే పెద్ద సాధనం ఇంకెక్కడా లేదనిపిస్తుంది. ఊరి ఆడపిల్లలను చెరబట్టే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ రోజుకో వేషం వేసుకుని వీధులన్నీ వెతికిందని కథ. అందుకే జనం కూడా వేషాలు వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం, వేపాకు. మాతంగి వేషం నాటికి మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసి, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు.

బండ వేషం రోజున బూతులు తిట్టే ఆచారం ఉంది. అమ్మవారి పేరిట తిట్టేది కాబట్టి ఎవరూ కోపగించుకోకూడదు. ఏడాదంతా "అన్నా" అని పిలిచిన పిల్లకాయ ఆ రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని, కలిగినవాడి ఇంటి ముందు నిలబడి నోరు విప్పాడనుకోండి. పన్నెండు నెలల మాట వస్తుంది. మేడ మీద నిలబడి వాడి స్నేహితుడు వింటాడు, వాళ్ల నాయన వింటాడు, ఎవరూ ఏమీ అనలేరు. తిట్టేవాడికి కూడా తెలుసు, రేపు కుంకుమ కడుక్కుంటే మళ్లీ "అన్నా" అనాలి. లేదా అనకూడదు. అయిదో మెట్టులో చెప్పిన "రేయ్" ఇక్కడ పెట్టవచ్చు.

దొర వేషం ఇంకా లోతైనది. గంగమ్మ దొర వేషం వేసుకొస్తే, నిజంగానే దొర వచ్చాడనుకుని పాలెగాడు దాక్కున్న చోటు నుంచి బయటికొచ్చాడంటారు. కలిగినవాడి బట్టలు వేసుకుంటే తప్ప తలుపు తెరుచుకోలేదు. మీ లేనోళ్ల పిల్లకాయ ఒక రోజు స్నేహితుడి చొక్కా తొడుక్కుని, వాడి బండి ఎక్కి, ఏ గేటు దగ్గర తనను ఆపేవాళ్లో ఆ గేటు లోపలికి ఆపకుండా పోతే? వాచ్‌మన్ సలాం కొడతాడు. ఆ వాచ్‌మన్ వాడి మామే అయితే?

2022 కథ రాసేవాళ్లకు ఇంకో వరం ఉంది. ఇంటరు పరీక్షలూ మేలోనే, జాతరా మేలోనే. రాత్రంతా డప్పుల మోత, పొద్దున ఫిజిక్స్ పేపరు. మొక్కు ఉన్న ఇంట్లో పిల్లకాయ వేషం వేయాలా, చదువుకోవాలా? కలిగినోళ్ల పిల్లకాయను అప్పటికే నాయన వేరే ఊళ్లోని హాస్టలుకు పంపేశాడు, చదువు చెడకుండా. వాడికి జాతర లేదు. ఈసారి తక్కువైంది వాడికే.

9. రోజూ ఎంత రాయాలి

ఎక్కువ మాటలు వద్దు. రోజుకు రెండు పేజీలు, వారానికి అయిదు రోజులు. ఇరవై అధ్యాయాలకు మించకుండా చూసుకోండి. ప్రతి అధ్యాయం ఒక చోట, ఒక రోజులో జరిగితే మేలు. మూడు అధ్యాయాలు కాగానే గట్టిగా చదివి వినిపించండి. వినేవాళ్లలో ఒకరైనా ఆ వయసు పిల్లలు ఉండాలి. "మేము అట్లా అనం సార్" అని వాళ్లంటే వెంటనే కొట్టేయండి, వాదించకండి.

10. చివర

కౌగిలింతతో ముగించకండి. ఎవరో ఒకరిని చంపి ముగించడం ఇంకా సులువు, అదీ వద్దు. పద్దెనిమిదేళ్లకు ఈ పిల్లలు విడిపోయే తీరు చాలా సాదాసీదాగా ఉంటుంది. ఒకడు చెన్నైకో బెంగళూరుకో ఇంజినీరింగుకు పోతాడు. ఒకడు డిగ్రీలో చేరి రాత్రి లాడ్జి రిసెప్షనులో కూర్చుంటాడు. ఒకడు శ్రీసిటీలో ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతాడు. క్వార్టర్సు అమ్మాయి నాయన రిటైరైతే ఇల్లు ఖాళీ చేయాలి, అప్పటిదాకా తన ఊరనుకున్న ఆ వీధి తనది కాదని ఆ రోజు తెలుస్తుంది. వీళ్లలో ఎవరు ఎవరికి వీడ్కోలు చెప్పలేదో అక్కడ ఆపండి.

ఆ అబ్బాయి మళ్లీ డిసెంబరులో వచ్చాడు. బుల్లెట్ బండి అధ్యాయాలు మూడూ పక్కన పెట్టేశాడట. కొత్త తొలి అధ్యాయం ఆరు పేజీలు. బస్‌స్టాపు, ఎండ, ఒక బస్సు ఆపకుండా పోయింది. తరవాత ఒక కారు వచ్చి ఆగింది. అద్దం దించి లోపలి పిల్లకాయ, "ఎక్కు రా, నేనూ ఆడికే పోతాండా" అన్నాడు. మనవాడు పాసు జేబులో పెట్టుకుని, "లేదన్నా, మా బస్సు వొస్తాది" అన్నాడు. కారు పోలేదు. లోపల ఏసీ ఆడుతూనే ఉంది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తున్నారు.

"తరవాతేమైంది?" అని అడిగాను.

"రెండో బస్సు కూడా ఆపలే సార్. కారు ఇంకా ఆడే ఉండాది."